మామ్సెన్ వ్రాయని నాలుగవ సంపుటము

థియొడోర్ మామ్సెన్ రచించిన రోము చరిత్రను గ్రంథాలయమున వరుసగా నిలిపి చూచినవారికి ఒక వింత గోచరించును. మొదటి మూడు సంపుటములు 1854 మొదలు 1856 వరకు గల స్వల్పకాలములో వెలువడినవి. ఐదవ సంపుటము 1885లో వెలువడినది. నాలుగవ సంపుటము లేదు. అది కాలగర్భమున కలిసినది కాదు, ప్రభుత్వము నిషేధించినదియు కాదు; అసలు ప్రకటింపబడనే లేదు. మూడవ సంపుటము క్రీ. పూ. 46లో థాప్సస్ యుద్ధమున సీజరు గెలుపుతోను, అతని రాజ్యవ్యవస్థను గూర్చిన సుదీర్ఘప్రకరణముతోను ముగియును. సీజరు హత్య కూడ అందు లేదు. ఐదవ సంపుటము సీజరు మొదలు డయొక్లీషియను వరకు రోమక సామ్రాజ్యమునందలి రాష్ట్రముల చరిత్ర. ఈ రెంటి నడుమ ఉండవలసినది చక్రవర్తుల కథ. అగస్టసు, టైబీరియసు, నీరో, ట్రేజను, హేడ్రియను మున్నగువారి కథ. అనగా లోకము రోము చరిత్రయనగానే దేనిని తలచుకొనునో ఆ కథయే. 1902లో మామ్సెన్‌కు సాహిత్యమున నోబెల్ బహుమానము లభించినపుడు ఈ గ్రంథమునే ముఖ్యముగ పేర్కొనిరి. నడుమ సంపుటము లేని గ్రంథమునకు అంతటి గౌరవము దక్కుట అపూర్వము.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ ప్రస్తావన ఏల యని కొందఱు శంకింపవచ్చును. మన శాఖలలో పరిశోధనకు పూనుకొను విద్యార్థి ప్రాయికముగ రెండు దారులలో ఒకదానిని ఎన్నుకొనవలసి వచ్చుచున్నది. ఒకటి కావ్యవిమర్శ, రెండవది శాసనపరిశోధన. కావ్యము చదువువాడు శాసనములను ఎండుకట్టెలుగ భావించుటయు, శాసనము చదువువాడు కావ్యవిమర్శను మాటల గారడిగ భావించుటయు మేము ఎఱిగినదే. మామ్సెన్ ఈ రెండు దారులను ఒక్క జీవితమున నడచినవాడు. అతడు చక్కని కథకుడు. లాటిను శాసనసంపుటీకరణమునకు మూలపురుషుడు. అతడు వ్రాయని సంపుటము ఈ రెండు దారుల నడుమ నున్న లోయ యని మా అభిప్రాయము. దానిని నిరూపింపవలెనన్నచో ముందుగ అతని విద్యావ్యాసంగమును కొంత పరిశీలింపవలసి యున్నది.

మామ్సెన్ 1817 నవంబరు 30వ తేదీన ష్లెస్విగ్ ప్రాంతమునందలి గార్డింగ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవాచార్యుడు. కీల్ విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్రము చదివి 1843లో డాక్టరు పట్టమందెను. ఇచట ధర్మశాస్త్రమనగా న్యాయస్థానములలో అక్కఱకు వచ్చు రోమక న్యాయశాస్త్రము. అతడు చరిత్రకారుడుగ శిక్షణ పొందినవాడు కాడు, న్యాయవాదివలె సాక్ష్యమును తూచుట నేర్చినవాడు. ఈ విషయమును మఱువరాదు. అప్పుడు ఆ ప్రాంతము డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండెను. ఆ ప్రభుత్వమువారి వేతనముతో 1844లో బయలుదేరి, ఇటలీలో 1847 వరకు తిరిగెను. రోమక న్యాయశాసనములను సేకరింపవలెనని పోయినవాడు అచటి శిలలను చూచి శాసనవేత్తయై తిరిగివచ్చెను.

ఈ పరివర్తనమునకు కారకుడు బర్తొలొమియొ బోర్గేసి. ఈ వృద్ధపండితుడు సాన్ మరీనో అను చిన్న గణరాజ్యమున కొండమీద నివసించుచు, నాణెములను శాసనములను పోల్చి రోమక అధికారుల వంశములను పదవులను నిర్ణయించుచుండెను. ఏ విశ్వవిద్యాలయమునను ఆచార్యపీఠము నధిష్ఠించినవాడు కాడు. మామ్సెన్ 1845లో ఇతనిని దర్శించెను. నేపుల్సు రాజ్యపు లాటిను శాసనములను సంపుటీకరించిన తన గ్రంథమును 1852లో ప్రకటించినపుడు ఇతనికే అంకితము చేసెను. కొండయెక్కి గురువును వెదకికొనిన ఈ శిష్యుడు తరువాత ఐరోపాఖండమునందలి పండితులనందఱను తన పనికి నియోగింపగల శక్తిమంతుడయ్యెను. కాని శిల ముందు వంగి చదువుట అతనికి ఆ కొండమీదనే అలవడినది.

నేపుల్సు శాసనముల గ్రంథము పరిమాణమున పెద్దదే. అయినను మాకు అందలి పద్ధతియే అంతకంటె ముఖ్యముగ తోచుచున్నది. అంతకుముందు బెర్లిను పండితపరిషత్తు ఆధ్వర్యమున ఆగస్టు బోక్ గ్రీకు శాసనములను సంపుటీకరింప మొదలిడెను. బోక్ మహాపండితుడే, కాని ఆ పని చాలవఱకు ఇతరులు పంపిన ప్రతులపై ఆధారపడి, పఠనమందిరమున కూర్చుండి చేసినది. మామ్సెన్ దీనికి ఎదురు నిలిచెను. శిల మిగిలియున్నచో పరిష్కర్త దానిని స్వయముగ చూడవలెను. శిల నశించినచో దానిని చూచినవారి ప్రతులలో ఏది దేనినుండి పుట్టినదో వంశవృక్షము కట్టి తుదిమూలమును పట్టవలెను. శాసనములను విషయమునుబట్టి కాక దొరికిన స్థలమునుబట్టి కూర్పవలెను. కూటశాసనములను వేఱుచేసి చూపవలెను. ఇవి అతని నియమములు. తాళపత్రప్రతులను పోల్చి పాఠనిర్ణయము చేయు మనవారికి రెండవ నియమము క్రొత్తది కాదు. దానిని రాతికి అన్వయించుటయందే క్రొత్తదనము కలదు.

స్థలక్రమమును గూర్చి ఒక మాట. విషయక్రమమున కూర్చినచో దేవతల శాసనములు ఒకచోట, సమాధిశాసనములు ఒకచోట, రాజశాసనములు ఒకచోట చేరును. చదువరికి సుఖమే. కాని ఒక ఊరిలో ఒకే కుటుంబమువారు గుడి కట్టించి, పదవి వహించి, మరణించిన వృత్తాంతము మూడు చోట్ల చెదరిపోవును. స్థలక్రమమున ఊరు ఊరుగ నిలుచును. ఈ చిన్న మార్పుచేతనే రోమక సామ్రాజ్యము రాజధాని కథ కాక పట్టణముల కథగ కనబడ నారంభించెను.

కూటశాసనముల విషయమున అతని న్యాయశాస్త్రబుద్ధి స్పష్టముగ కానవచ్చును. 16వ శతాబ్దిలో పీరో లిగోరియో అను చిత్రకారుడు, వాస్తుశిల్పి, వేనవేలు ప్రాచీన లేఖనములను తన వ్రాతప్రతులలో నెక్కించెను. అందు పెక్కు అతని కల్పనలు. సామాన్యన్యాయమున నేరము ఋజువగువఱకు మనుజుడు నిర్దోషి. కాని ఒకసారి కూటసాక్షి యని తేలినవాని మాటను, మఱొక సాక్షి బలపఱచిననే తప్ప, దేనియందును స్వీకరింపరాదని మామ్సెన్ నియమించెను. అట్టివానిని నక్షత్రచిహ్నముతో వేఱుగ ముద్రించుట లాటిను శాసనసంపుటములలో ఆచారమైనది. ఈ నియమము కఠినమైనది. తరువాతి కాలమున లిగోరియో వ్రాసికొనిన వానిలో కొన్నింటి శిలలు భూమినుండి బయటపడి, అవి నిజమైనవేయని తేలినవి. అయినను ఈ కాఠిన్యము లేనిచో ఆ పనికి పునాదియే లేదు. మన తామ్రశాసనములలోను కూటములు తక్కువ కావు. ఒక దానశాసనము కూటమని తేలినను అందలి వంశావళిని మాత్రము వాడుకొనువారిని మేము చూచియున్నాము. మామ్సెన్ ఎదుట వారి వ్యాజ్యము నిలువదు.

ఈతడు సందేహించుటయే కాదు, నమ్మవలసినచోట ధైర్యముగ నమ్మెను. 1851లో స్పెయిను దేశమున మలగా నగరసమీపమున రెండు కంచుపలకలు దొరికినవి. సాల్పెన్సా, మలాకా అను రెండు పట్టణముల పాలననిబంధనములు వానిపై చెక్కబడియుండెను. మామ్సెన్ 1855లో వీనిని వ్యాఖ్యతో ప్రకటించెను. ఫ్రాన్సుదేశపు న్యాయవేత్త లబూలే ఇవి కూటములని వాదించెను. మామ్సెన్ భాషను, న్యాయపరిభాషను, తప్పులు దొరలిన తీరును పరిశీలించి, ఇవి నిజమైనవేయని నిలిచెను. 1981లో స్పెయినులోనే ఇర్ని అను పట్టణపు నిబంధనములు గల కంచుపలకలు దొరికి, అందలి పాఠము ఈ రెండు పలకల పాఠముతో చాలభాగము సరిపోవుటచే, వాదమునకు ఏ మాత్రమును తావు లేకపోయినది. తీర్పు చెప్పిన నూటయిరువది యేండ్లకు పైబడి సాక్షి వచ్చి నిలిచెను.

సంపుటీకరణమునకై జరిగిన కలహమును విస్తరింపము. బెర్లిను పరిషత్తువారు మొదట త్సుంప్ట్ అను పండితుని పక్షము వహించిరి. 1847లోనే మామ్సెన్ తన ప్రణాళికను సమర్పించెను. 1853లో గాని పని అతని చేతికి రాలేదు. ఈలోగా అతడు లైప్‌సిగ్‌లో న్యాయశాస్త్రాచార్యుడై, 1849 నాటి రాజకీయ సంక్షోభమున పాల్గొనిన కారణమున 1851లో పదవినుండి తొలగింపబడి, 1852లో జూరిక్‌కును, 1854లో బ్రెస్లాకును పోయెను. జూరిక్‌లో నుండిన స్వల్పకాలమునను ఊరకుండక స్విట్జర్లాండు లాటిను శాసనములను 1854లో ప్రకటించెను. 1858లో బెర్లిను పరిషత్తు పనికి వచ్చి, 1861లో అచటి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. లాటిను శాసనసంపుటములలో మొదటిది 1863లో వెలువడినది. స్పెయినును, బ్రిటనును హ్యూబ్నరునకును, రోము నగరమును హెన్జెన్, డి రొస్సీలకును, ఆఫ్రికాను విల్మాన్సునకును అప్పగించి, సామ్రాజ్యపు తూర్పు రాష్ట్రములను, ఉత్తరఇటలీని, దక్షిణఇటలీని తాను వహించెను. నేడు ఆ సంపుటములు పదునేడు. అందలి శాసనములు సుమారు 1,80,000.

ఇక రోము చరిత్ర. ఇది ఆ పదవీభ్రష్టత కాలపు గ్రంథము. లైప్‌సిగ్‌లో గ్రాకస్ సోదరులను గూర్చి మామ్సెన్ చేసిన ఉపన్యాసమును విని రైమర్, హిర్జెల్ అను ప్రకాశకులు రోము చరిత్రను వ్రాయుమని కోరిరి. ఆ రైమరు కుమార్తెనే అతడు 1854లో వివాహమాడెను. గ్రంథమున పుటకు దిగువ ఆధారసూచికలు లేవు. తాను తేల్చుకొనినదానిని తేల్చినట్లే చెప్పును. ప్రాచీనులను పీఠములమీదినుండి దింపి, వారు ద్వేషించి, ప్రేమించి, కలపను కోసి, మేకులు కొట్టిన వాస్తవలోకమున నడపవలెనని అతని కోరిక. అందుచేత రోమక కాన్సలు జర్మను నగరాధ్యక్షుడయ్యెను. సెనేటు పక్షము ప్రషియా జమీందారుల పక్షమయ్యెను. వేంగీచాళుక్యుల తామ్రశాసనములలోని రాష్ట్రకూటప్రముఖులను తహసీల్దార్లని ఎవరైన వ్రాసినచో మేము ఒప్పుకొనము. కాని మామ్సెన్ వ్రాసినపుడు చదువక మానలేము. ఆ గద్యమునకు అట్టి వేగము కలదు.

ఈ వేగమునకు చెల్లించిన మూల్యము కలదు. సిసిరోను అతడు దయలేక చిత్రించెను. పక్షములు మార్చుచు, వాక్యములు అల్లుచు, లోతులేని పత్రికారచయితగ నిలిపెను. అతని లేఖలనే సాక్ష్యముగ గొని అతనినే దూషించుట న్యాయశాస్త్రజ్ఞునికి తగిన పని కాదు. తన మనోవ్యథలను దాచక మిత్రునికి వ్రాసికొనినవానిని, ఏమియు వ్రాయక మౌనము వహించినవారికంటె నీచునిగ తీర్మానించుట అధర్మము. సీజరును మాత్రము లోపములెఱుగని పురుషునిగ నిలిపెను. 1849 విప్లవము విఫలమైన తరువాత, మాటలపోగులైన ప్రతినిధిసభలమీద విసిగిన ఉదారవాది ఒక కార్యశూరునికొఱకు వేచియున్న గుండెచప్పుడు ఆ పుటలలో వినబడుచున్నది. ఫ్రాన్సులో మూడవ నెపోలియను రాజ్యమేలుచుండగా పాఠకులు దీనిని నియంతృత్వప్రశంసగ గ్రహించిరి. రెండవ ముద్రణమున మామ్సెన్, సీజరును మెచ్చుట సీజరువాదమును మెచ్చుట కాదని వివరణ చేర్పవలసివచ్చెను. వివరణము వలసిన చిత్రణము ఏ కొంతయో చేయి జాఱినదనియే చెప్పవలెను. తరువాత అతడే ప్రషియా శాసనసభలోను, 1881 మొదలు 1884 వరకు రైష్‌టాగ్‌లోను కూర్చుండి, బిస్మార్కును విమర్శించి, 1882లో పరువునష్టపు అభియోగము నెదుర్కొని నిర్దోషిగ తేలెను. యూదులపై ద్వేషమును రేపిన ట్రైష్కె అను తోడి ఆచార్యుని 1880లో బహిరంగముగ ఖండించెను. సీజరు ఎదుట మోకరిల్లినది యువకుని కలమే కాని మనుజుడు కాడు.

నాలుగవ సంపుటము ఏల రాలేదు? జనశ్రుతి యొకటి అగ్నిప్రమాదమును చూపును. 1880 జూలై 12వ తేదీ రాత్రి షార్లొటెన్‌బుర్గ్‌లోని అతని ఇల్లు అంటుకొని, గ్రంథములు, వ్రాతలు, ఇతర గ్రంథాలయములనుండి ఎరువు తెచ్చుకొనిన ప్రాచీన ప్రతులును దగ్ధమైనవి. గాతుల చరిత్రకారుడైన జోర్డానెస్ గ్రంథమునకు హైడెల్‌బర్గ్‌లో నుండిన ప్రతి అందు బూడిదయైనది. ఇది ఘోరమైన నష్టము. కాని మూడవ సంపుటము వెలువడినది 1856లో. ఇల్లు కాలినది 1880లో. నడుమ ఇరువదినాలుగేండ్లున్నవి. నిప్పు ఇంటిని కాల్చినదే కాని ఇరువదినాలుగేండ్లను కాల్చలేదు. రెండవ వాదము: సీజరునందు గుండె నిలిపినవానికి అగస్టసునందు రుచి లేకపోయినదని. ఇందు కొంత సత్యముండవచ్చును. అయినను అరుచి కలిగిన విషయమును అతడు ఏండ్ల తరబడి బోధించుటకు కారణము చెప్పవలసియున్నది. బెర్లినులో 1863 మొదలు 1886 వరకు చక్రవర్తుల చరిత్రను పలుమాఱులు పాఠముగ చెప్పెను. సెబాస్టియన్ హెన్సెల్, అతని కుమారుడు పౌల్ హెన్సెల్ ఆ పాఠములను వ్రాసికొనిన పుస్తకములు 1980లో న్యూరెంబర్గులోని పాతపుస్తకముల దుకాణమున అలెగ్జాండర్ డెమాండ్ట్ కంటబడి, 1992లో అచ్చయినవి. ఇక విషయము తెలియక వ్రాయలేదనుటకు వీలులేదు.

ఆ పాఠములను చదివినవారికి మొదటి మూడు సంపుటముల మామ్సెన్ కానరాడు. యుద్ధములు, వారసత్వములు, ఆస్థానపు కుట్రలు క్రమముగ సాగును. టాసిటసు, స్వెటోనియసు చెప్పిన దారియే అది. ఐదవ సంపుటపు పీఠికలో మామ్సెన్ స్వయముగ చెప్పిన కారణము ఇచట స్మరింపదగినది. గణరాజ్యవాదులకును సీజరు స్థాపించిన ఏకరాజ్యమునకును జరిగిన పోరాటమును ప్రాచీనులే చక్కగ చెప్పినందున, మరల చెప్పుట పునరుక్తియగునని అతని మాట. దీనిని మర్యాదకై చెప్పినదిగ కొందఱు త్రోసిపుచ్చిరి. మేము నమ్ముచున్నాము. 1850 ప్రాంతమున వ్రాసినపుడు అతనికి పునరుక్తిభయము లేదు. లివీ చెప్పినదానిని, పాలిబియసు చెప్పినదానిని నిశ్శంకముగ మరల చెప్పెను. నడుమ ఏమి జరిగినది? శాసనములు వచ్చినవి.

ఒక శిలను తీసికొందము. చిన ప్లీనీ లేఖలు సాహిత్యవిద్యార్థులకు పరిచితములే. 1869లో మామ్సెన్ అతని జీవితక్రమమును నిర్ణయించుచు ఒక వ్యాసము వ్రాసెను. అందుకు ముఖ్యాధారము కోమో పట్టణమున నుండి మిలానునకు చేరిన ఒక శాసనము. పాలరాయి పగిలి, ముక్కలు ఒక సమాధికి ఫలకములైనవి. నేడు మిగిలినది ఒక్క ముక్కయే. తక్కిన పాఠము ప్రాచీన లేఖకుల ప్రతులవలననే తెలియుచున్నది. స్వయముగ చూచిననేకాని నమ్మరాదను నియమమును ఆ శిలయే పరిహసించినట్లుండును. అందుకే ప్రతుల వంశవృక్షము వలసినది. అందు ప్లీనీ పదవులు వరుసగ చెక్కబడియున్నవి. పిమ్మట ఊరివారికి స్నానశాలయు, దాని అలంకరణమునకు 3,00,000 సెస్టర్సులును, పోషణమునకు 2,00,000లును, తాను విడుదలచేసిన బానిసలలో నూర్గుర భరణమునకు 18,66,666 సెస్టర్సులును, గ్రంథాలయపోషణమునకు 1,00,000 సెస్టర్సులును ఇచ్చినట్లున్నది.

లేఖలలోని ప్లీనీ తన ఔదార్యమును తానే కొంత మెచ్చుకొను మృదుస్వభావుడు. శిలలోని ప్లీనీ లెక్కలు గల ధనికుడు. పదవుల నిచ్చెన యెక్కినవాడు. నూర్గురు మాజీబానిసల యన్నమునకు పూచీపడినవాడు. ఇట్టి శాసనములు వేలు చేరినపుడు పదవుల క్రమము తేలినది, సేనల కదలిక తెలిసినది, పట్టణసభల ఆదాయవ్యయములు తెలిసినవి. కాని టైబీరియసు ఏల కాప్రి ద్వీపమున దాగెనో, నీరో తల్లిని ఏల చంపించెనో ఏ శిలయు చెప్పదు. ఒక వైపున, చెప్పవలసినంత చెప్పి హృదయములను దోచు టాసిటసు. మఱొక వైపున, హృదయమును గూర్చి పెదవి విప్పక, పదవులను మాత్రము వెల్లడించు లక్షశిలలు. సిసిరో కాలమున ఈ విభేదము లేదు; అపుడు లేఖలే కలవు, ఉపన్యాసములే కలవు, శాసనములు తక్కువ. చక్రవర్తుల కాలమునకు వచ్చుసరికి రెండు సాక్ష్యములు రెండు భాషలు మాటలాడినవి. 1854 నాటి మామ్సెన్ అయినచో టాసిటసు చేతిని పట్టుకొని నడచియుండెడివాడు. లక్షశిలల లెక్క చూచిన మామ్సెన్‌కు అది సాధ్యము కాలేదు. శిలలు బలపఱచని కథను అచ్చువేయుటకు అతని న్యాయబుద్ధి ఒప్పలేదు. శిలలనుండి మనుష్యుని అంతరంగమును రాబట్టుట ఎవరికిని శక్యము కాదు.

1874లో బెర్లిను విశ్వవిద్యాలయాధ్యక్షుడుగ చేసిన ఉపన్యాసమున చరిత్రకారుడు పండితులలోకంటె కళాకారులలో చేరదగినవాడని సూచించినవాడును, ఐదవ సంపుటపు ప్రారంభమున కల్పనాశక్తి కవిత్వమునకువలె చరిత్రకును తల్లి యని ఒప్పుకొనినవాడును ఇతడే. ఆ సంపుటమునందు ఆ తల్లికి చోటు తక్కువ యని పాఠకులను ముందుగనే హెచ్చరించెను. ఐదవ సంపుటమున స్పెయిను, గాలు, బ్రిటను, డాన్యూబు తీరము, గ్రీసు, ఆసియా, యూదయా, ఈజిప్టు, ఆఫ్రికా ఒకదానివెంట ఒకటి వచ్చును. దండులు, దారులు, సరిహద్దులు, పట్టణములు కానవచ్చును. మనుష్యుని ముఖము అరుదు. మేము దానిని గౌరవముతో చదివితిమి. మూడవ సంపుటమును రాత్రి నిదుర మాని చదివితిమి. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగినచో, విద్యార్థికి ఐదవదానిని, సంపుటమును మూసిన తరువాత మిగులు ఆనందమునకు మూడవదానిని చూపుదుము. నోబెల్ న్యాయనిర్ణేతలు మూడింటిని మెచ్చిరి. 1871 మొదలు 1888 వరకు వెలువడిన రోమక రాజ్యాంగశాస్త్రమును మెచ్చుటకు సాహిత్యపు తూనికఱాయి చాలదు. మా దృష్టిలో మామ్సెన్ గొప్ప గ్రంథము అదియే; అందు ఒక్క కథయు లేదు.

కావున నాలుగవ సంపుటము లేకుండుటను వైఫల్యమని కొట్టివేయుటకు మేము ఒప్పుకొనము. అది విమర్శకుడు తన గ్రంథముమీదనే ఇచ్చిన తీర్పు. అయినను ఆ తీర్పును సంపూర్ణముగ సమర్థింపజాలము. ఇరువదియేండ్లకు పైగ విద్యార్థులకు చెప్పినదానిని, ఇది సాహిత్యసాక్ష్యము, ఇది శిలాసాక్ష్యము, ఇవి రెండు కలియవు అని స్పష్టముగ వ్రాసి ప్రకటించినను లోకమునకు మేలు కలిగియుండెడిది. కలియని సాక్ష్యములను కలియనట్లే చూపు గ్రంథమును వ్రాయు ధైర్యము ఆ శతాబ్ది చరిత్రకారునికి లేదు. గ్రంథమనగా ఏకాఖండమైన కథ కావలెనని అతని విశ్వాసము. ఈ విశ్వాసము కావ్యమునుండి వచ్చినదే.

మా విషయము కొంత చెప్పుకొనక తప్పదు. తెలుగు శాసనములలో అధికభాగము అచ్చులో లభించుట మన అదృష్టము. జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించిన దక్షిణభారత శాసనముల పదియవ సంపుటము 1948లో వెలువడినది. అందలి శాసనములు పెక్కింటికి పాఠమే కాని ప్రతిబింబపటములు లేవు. ఇట్టి సంపుటములే మాకు శిలలు. మా సిద్ధాంతగ్రంథమున ఒక ప్రకరణము రాయలసీమలోని ఒక చిన్న శాసనముపై నిలిచియున్నది. అచ్చులో ఊరి పేరు ‘వ’కారముతో ప్రారంభమగుచున్నది. ఆ పేరునుబట్టి ఊరిని ఒక నాడులో చేర్చి, ఆ నాటి యెల్లలను పడమటికి జరిపి, దానినుండి ఒక సామంతకుటుంబపు వలసను ఊహించి, ఇరువది పుటలు వ్రాసితిమి. పట్టము లభించినది. పరీక్షకులు మెచ్చుకొనిరి కూడ.

ఆఱేండ్ల తరువాత మఱొక పనిమీద ఆ ఊరికి పోయి, సాయంకాలపు వాలుఎండలో ఆ బండను చూచితిమి. అచ్చులోని ‘వ’ శిలపై ‘ప’. పైగీత విడియున్నది, సందేహమునకు తావు లేదు. తడికాగితమును బ్రష్షుతో అదిమి అచ్చు తీసి చూచినను అదియే తేలినది. నాడు మాఱినది, ఎల్లలు వెనుకకు జరిగినవి, వలస మాయమైనది. ప్రథమపరిష్కర్త తప్పు చదివెనని మేము అనము. ఆయన వందలకొలది శాసనములను ఎంత కష్టమునకోర్చి చదివిరో మాకు తెలియును. మేము ఒక్క శాసనమును చదువవలసియుండెను, చదువలేదు. బస్సు దిగి రెండు మైళ్ళు నడచినచో ఆ ప్రకరణము పుట్టియుండెడిది కాదు. అంతకంటె బాధాకరమైన విషయమేమన, ఈ నడుమ ఇద్దఱు విద్యార్థులు మా ప్రకరణమును ప్రమాణముగ గొని తమ వాదములను నిర్మించుకొనిరి. ఒకరి గ్రంథము అచ్చయినది కూడ.

మామ్సెన్ 1903 నవంబరు 1వ తేదీన మరణించునాటికి ప్రకటించిన రచనలు సుమారు 1500. ఆ రాశిలో నాలుగవ సంపుటపు స్థానము శూన్యముగనే మిగిలెను. మా ప్రకరణము మాత్రము గ్రంథాలయమున అట్లే యున్నది. దానిని ఉపసంహరించుకొనుచు, సవరించిన పాఠమును, కాగితపు అచ్చు ప్రతిబింబమును ఈ సంచికలోనే వేఱొకచోట ప్రకటించుచున్నాము. మా గ్రంథమును వాడుకొనిన ఆ ఇద్దఱు విద్యార్థులకును ఈ విషయము లేఖలద్వారా తెలియజేసితిమి.